నార్సింగి సెల్లారులో పాల బండి

హైదరాబాదు వెళ్ళొచ్చానని చెబితే మా కాకినాడలో ఎవరైనా మొదట అడిగేది ఏమేం చూశారని. ఈసారి నేను చూసింది ఒక అపార్టుమెంటు సెల్లారు, ఒక వెల్డింగు షెడ్డు, ఆ రెండింటికీ మధ్య ఉన్న దారి. అద్దాల మేడలు కూడా చూశాను గానీ, ఆ వైపు తిరిగేవాడికి అవి వద్దన్నా కనబడతాయి. అటు వెళ్ళనివాళ్ళకు ఈ నాలుగు ముక్కలూ ఏ మాత్రం పనికొస్తాయో తెలియదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నేను నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాను. గీసిన గీత గీసినట్టే ఉండాలన్న పట్టుదల ఆ ఉద్యోగంలో వచ్చింది, ఉద్యోగం పోయినా పోలేదు. తీరిక దొరికాక పాత ఇంగ్లీషు మోటారు సైకిళ్ళు బాగుచేయడం మొదలుపెట్టాను. ఇప్పటికి రెండు బాగుచేశాను. వాటివల్ల ఊళ్ళో కాస్త పేరొచ్చింది, ఆ పేరు కంటే గర్వం కొంచెం ఎక్కువే వచ్చింది.

మా మేనల్లుడు సుధీర్ రాయదుర్గంలో ఒక కంపెనీలో పనిచేస్తూ నిజాంపేటలో ఉంటాడు. అతనితో పనిచేసే ప్రవీణ్ వాళ్ళది నార్సింగి. వాళ్ళ అపార్టుమెంటు సెల్లారులో ఏళ్ళ తరబడి పడి ఉన్న ఒక ఇంగ్లీషు బండి ఉందట. కదలని బళ్ళు పార్కింగులో ఉండకూడదని అసోసియేషన్ వాళ్ళు కొత్తగా తీర్మానించారు. ఫలానా ఆదివారం నాటికి తన ఇంజనుతో తాను నడిచి ర్యాంపు ఎక్కి గేటు దాటిన బండికి స్టిక్కరు ఇస్తారు. దాటలేనిది పాత ఇనుము కొనేవాడికి పోతుంది. సుధీర్ ఫోనులో ఇదంతా చెప్పి, "మీరైతేనే అవుతుంది మామయ్యా" అన్నాడు. ఆ మాట చాలు, రైలెక్కేశాను. ఆ బండి ఎవరికి ఎందుకు కావాలో కనుక్కోవాలని మాత్రం తట్టలేదు.

నిజాంపేట

నిజాంపేటలో దిగితే ప్రయాణం చేసినట్టే అనిపించదు. సందు సందుకీ హాస్టళ్ళు, వాటి కింద కర్రీ పాయింట్లు. ఆ కర్రీ పాయింట్లు నడిపేవాళ్ళలో సగంమంది మా వైపువాళ్ళే. సుధీర్ ఇంటి కింద కూరలమ్మే ఆవిడది అమలాపురం దగ్గరి పల్లె. గోంగూర పప్పు కట్టిస్తూ నా మాట వినగానే "కాకినాడాండీ?" అని అడిగి ఇంకో గరిటె వేసింది. ఆ గరిటెకి డబ్బు తీసుకోలేదు. పక్కన నిలబడ్డ హాస్టలు కుర్రాళ్ళకి మాత్రం కొలిచినట్టు వేసింది. అది తప్పని నాకు తోచలేదు, పొట్లం పట్టుకుని పైకి వెళ్ళిపోయాను.

మాటలు వినేటప్పుడే ఊరు మారిందని తెలుస్తుంది. మనం అద్దె అనేదాన్ని ఇక్కడ కిరాయి అంటారు. మన ఆసుపత్రి వాళ్ళకి దవాఖాన. టిఫిను బండి దగ్గర ఇడ్లీలోకి పల్లీ చట్నీ చెరువులా పోస్తారు. అల్లం చట్నీ లేదా అని అడిగితే బండాయన జాలిగా చూసి, "ఆంధ్రా నుంచి వచ్చిన్రా సార్, నాలుగు దినాలైతే గిదే అలవాటైతది" అన్నాడు. నాలుగు రోజులైనా అలవాటు కాలేదు గానీ, వెనక్కి వచ్చాక ఇంట్లో ఒకసారి చేయించుకున్నాను.

నార్సింగి

ఒకప్పుడు ఊరేనట. ఇప్పుడు రింగు రోడ్డు దిగగానే మేడలు మొదలవుతాయి. ఆ మేడల మధ్య ఒక పాత పోచమ్మ గుడి, దాని పక్కనే పూల మొక్కలమ్మే నర్సరీ, ఇంకో పక్క కార్లు కడిగే షాపు. ప్రవీణ్ తండ్రి బాలయ్య, తల్లి సత్తెమ్మ. వాళ్ళ పొలంలో బిల్డరు టవరు కట్టి భూమికి బదులు కొన్ని ఫ్లాట్లు ఇచ్చాడు. వాళ్ళుండేది అందులోనే. పదో అంతస్తు బాల్కనీలో నిలబెట్టి బాలయ్య కిందికి చూపించాడు. ఈతకొలను ఉన్న చోట వాళ్ళ బర్రెల కొట్టం ఉండేదట. ఆ మాట బాధపడుతూ చెప్పలేదు, బస్‌స్టాపు ఎటో చూపించినట్టు చెప్పాడు.

ఆయన పాల వ్యాపారం చేసేవాడు. తెల్లారకముందే మెహిదీపట్నం దాకా బండి మీద పాలు పోసి వచ్చేవాడు. ఎవరో పెద్దాయన దగ్గర కొన్న ఆ ఇంగ్లీషు బండి అందుకే. వ్యాపారం మానేశాక అది కొట్టంలో, కొట్టం పోయాక టార్పాలిన్ కింద, టవరు కట్టాక సెల్లారులో ఉండిపోయింది.

భోజనం పెట్టనిదే కిందికి వెళ్ళనివ్వలేదు. జొన్నరొట్టె, చింతచిగురు వేసిన మాంసం. మా వైపు వడ్డించేవాళ్ళు అడిగి వడ్డిస్తారు, తినేవాళ్ళు వద్దు వద్దంటూ వేయించుకుంటారు. ఇక్కడ అడగడం లేదు. సత్తెమ్మ చూస్తూ ఉంటుంది, రొట్టె అయిపోతుండగా ఇంకోటి వచ్చి పడుతుంది. నేను తీసుకెళ్ళిన కాజా బాలయ్య కొరికితే పాకం చొక్కా మీద కారింది. ఆవిడ కొంగుతో తుడుస్తూ, పిల్లగాళ్ళకు పెట్టేది ముసలోనికి పెడితే గిట్లనే ఉంటదని విసుక్కుంది.

బండి చూశాను. మూడువందల యాభై సీసీ, ఒకే సిలిండరు, యాభైల నాటిదని ఫ్రేము మీది నంబరు చెబుతోంది. దుమ్ము ఒక పొరలా గట్టిపడింది. ఇంజను బిగుసుకుపోయింది. అయినా అసలు భాగాలు ముప్పాతిక వంతు అలాగే ఉన్నాయి. తర్వాత దాని వెనకభాగం చూసి ముఖం చిట్లించాను. రెండు పక్కలా పాల క్యాన్లు తగిలించే ఇనుప కొక్కేలు వెల్డు చేసి ఉన్నాయి. వెనక మడ్‌గార్డు మీద రెక్సిను కుట్టిన ఒక మెత్త. ఎడమవైపు చైను మీదుగా ఒక జాలీ, దాని కింద వెడల్పాటి ఇనుప పట్టీ. అంత అందమైన బండిని ఇలా ఎవరు పాడుచేశారా అనుకున్నాను. బయటికి అననందుకు ఇప్పుడు సంతోషం.

ఏం చేయమంటారని బాలయ్యని అడిగాను. మీ ఇష్టం సార్ అన్నాడు. ఇంజను అడిగినా, రంగు అడిగినా, నిజాంపేట తీసుకెళ్ళనా అని అడిగినా అదే జవాబు. సత్తెమ్మ లిఫ్టు దగ్గర నిలబడి ఉంది. వస్తుంటే నాతో అన్నది ఒకటే: "దాన్ని పోనియ్యకు సారూ." పోనివ్వనని మాటిచ్చాను. దేన్ని పోనివ్వకూడదో నాకు తెలుసనే అనుకున్నాను.

మహేందర్ షెడ్డు

నిజాంపేటలో హాస్టళ్ళకు కిటికీ గ్రిల్సు చేసే మహేందర్ షెడ్డులో ఒక మూల కిరాయికి తీసుకున్నాను. మహేందర్‌ది వనపర్తి వైపు. చేతి పని ఎంతో నోటి పని అంత. బండి దించగానే చుట్టూ తిరిగి, చిలకాకుపచ్చ రంగేసి ట్యాంకు మీద పులి బొమ్మ వేయిద్దామన్నాడు. నేను తల అడ్డంగా ఊపితే, పులి వద్దంటే గద్ద అన్నాడు.

ఆ కాలపు ఇంగ్లీషు బళ్ళ నట్లకు మన స్పానర్లు పట్టవు. దగ్గర దగ్గరగా పట్టి అంచులు గుండ్రంగా అరగదీస్తాయి. సరైన కొలత స్పానర్లు తువ్వాల్లో చుట్టుకుని కాకినాడ నుంచే తెచ్చుకున్నాను. అవి మహేందర్‌ని ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు. వెళ్ళేటప్పుడు మళ్ళీ తువ్వాల్లో చుట్టి తీసుకుపోయేవాణ్ణి. నేను బంగారం పనివాణ్ణని అతను హాస్టలు పిల్లలకు చెప్పాడని తర్వాత తెలిసింది.

సిలిండరులో కిరసనాయిలూ ఇంజనాయిలూ కలిపి పోసి నానబెట్టాం. మర్నాడు కిక్కు మీద నిలబడితే లోపల ఏదో పీలికలా చిరిగిన చప్పుడై పిస్టను కదిలింది. ట్యాంకులో పాత నట్లు వేసి ఊపి ఊపి తుప్పు దించాం. కార్బురేటరు ఎండిన బెల్లంలా ఉంటే నానబెట్టి తోమాను. ఇదంతా నేను బాగానే చేశాను, ఆ సంగతి దాచి వినయం నటించను.

తర్వాత వెనకభాగం దగ్గరికి వచ్చాను. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఆ బండికి ముందు స్ప్రింగుల సీటు ఒకటే. దాని పాత బొమ్మలు నాకు కంఠతా వచ్చు. కొక్కేలూ జాలీ పట్టీ అన్నీ కోసి, వెల్డు గుర్తులు అరగదీసి, మెత్త పీకేయమని మహేందర్‌కి చెప్పాను.

అతను కట్టరు చేత్తో పట్టుకుని ఆగాడు. "గింత గట్టిగ చేసినోడు ఊకెనే చేస్తడా సార్? ఓసారి వాళ్ళకు ఫోన్ కొట్టుర్రి."

బండి గురించి నాకు నువ్వు చెప్పక్కర్లేదని కసిరాను. అతను భుజాలెగరేసి కోసేశాడు. ఆ సాయంత్రమే పాత ఇనుము బండివాడు వస్తే ఆ ముక్కలన్నీ తూకానికి పోయాయి. ఆ డబ్బుతో మహేందర్ అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించాడు. నేనూ తిన్నాను. బాగున్నాయి.

రాయదుర్గం

ఇంజనుకి నిప్పురవ్వ అందించే భాగాన్ని మాగ్నెటో అంటారు. దాన్ని కూకట్‌పల్లిలో తిరిగి చుట్టించాను. చుట్టించినవాణ్ణి తిన్నగా షెడ్డుకి పోవచ్చు కదా. సుధీర్‌కీ అతని స్నేహితులకీ చూపించాలనిపించి, సంచిలో వేసుకుని మెట్రో ఎక్కడానికి వెళ్ళాను. గిన్నెడంత ఇనుము, అందులోంచి వైరు. స్టేషను స్కానరులో అది ఎలా కనబడిందో గానీ నన్ను పక్కకి పిలిచారు.

తనిఖీ చేసే అమ్మాయి అదేమిటని అడిగింది. ఒక్క ముక్కలో చెప్పి ఉంటే అయిపోయేది. నేను అయస్కాంతం దగ్గర మొదలుపెట్టి వివరించాను. వెనక వరస పెరిగింది. అంతా విని ఆ అమ్మాయి, "అదంతా మంచిగనే ఉన్నది గానీ సార్, గిది పేలదు గద?" అంది. వరసలో ఎవరో నవ్వారు. పై ఆఫీసరు వచ్చి చూసి, వాళ్ళ నాన్నకి రాజదూత్ మోటారు సైకిలు ఉండేదని చెప్పి నన్ను పంపించాడు.

మధ్యలో ఒకసారి రైలు మారాలి, రాయదుర్గం ఆ రెండో లైను చివరి స్టేషను. రైలు ఖాళీ అవుతూనే జనం మెడల్లో ఐడీ కార్డుల పట్టీలతో గుంపులుగా మేడల్లోకి వెళ్ళిపోతారు, పక్కకి ఎవరూ చూడరు. మేడ లోపల టీ ఖరీదు మా ఊళ్ళో భోజనం ఖరీదంత ఉంది. గేటు బయట ఫ్లాస్కు సైకిలాయన దగ్గర తాగితే పన్నెండు రూపాయలు. ఉద్యోగస్తులు కూడా అక్కడే తాగుతున్నారు, లోపలి కప్పు చేత్తో పట్టుకుని మరీ.

సుధీర్, ప్రవీణ్ భోజనాల వేళకి దిగి వచ్చారు. మాగ్నెటో తీసి బల్ల మీద పెట్టాను. వాళ్ళు మర్యాదకి చూశారు. ప్రవీణ్ నెమ్మదైన మనిషి. ఆ బండి నడవడం తనకు సరిగా గుర్తు లేదన్నాడు. వాళ్ళమ్మ మాత్రం రోజూ అడుగుతోందట, సారు ఏం చేస్తున్నాడు, ఎంతవరకు వచ్చింది అని. ఒకసారి షెడ్డుకి తీసుకురానా అంకుల్ అని అడిగాడు.

పని సగంలో ఉండగా చూపించడం నాకు ఇష్టం ఉండదు. ఇంగ్లండు నుంచి ఓడ దిగినప్పుడు ఎలా ఉందో అలా చేసి చూపిస్తానని అమ్మతో చెప్పమన్నాను. అతను సరేనన్నాడు.

మళ్ళీ నార్సింగి

శుక్రవారం నాటికి బండి తయారైంది. నలుపు రంగు, ట్యాంకు మీద సన్నటి బంగారు గీత, ఆ గీత నేనే లాగాను. ఇంజను రెండో కిక్కుకే అందుకుంది. ట్రాలీ ఆటోలో నార్సింగి తీసుకెళ్ళి సెల్లారులో దింపి, బాలయ్యనీ సత్తెమ్మనీ పిలిపించాను. అక్కడి సెక్యూరిటీ గార్డు, ఇద్దరు కారు డ్రైవర్లు చుట్టూ చేరారు. స్టార్టు చేసి చూపించాను. డ్రైవర్లు ఫోన్లు తీశారు. బాలయ్య హ్యాండిలు పట్టుకుని చూసి మంచిగున్నదన్నాడు.

సత్తెమ్మ ముందుకు రాలేదు. బండి వెనకవైపు చూస్తూ నిలబడింది. ఇంజను ఆపాక అడిగింది.

"మరి నేనేడ కూసోవాలె సారూ?"

నాకు అర్థం కాలేదు. ఫ్యాక్టరీలో ఒకే సీటుతో చేశారని, అసలు రూపం అదేనని చెప్పాను. ఆవిడ వింది. తర్వాత చాలా మామూలుగా చెప్పింది. ప్రవీణ్ కడుపులో ఉన్నప్పుడు కూడా ఆమె పాలకు పోయేదట. ఆయన బండి మీద కూర్చుంటే ఇంటింటికీ దిగి పోసేది ఆమె. ఆ బళ్ళకు చైను ఎడమవైపు ఉంటుంది, చీర కట్టుకున్నవాళ్ళు కాళ్ళు వేసుకునేదీ అటే. ఒకసారి కొంగు చైనులో పడి లాగేసింది. అప్పుడు ఊళ్ళో కమ్మరి చేత జాలీ వేయించారు. కాళ్ళు వేలాడి వాస్తుంటే పట్టీ వేయించారు. అటువైపు క్యాను కాళ్ళకి తగలకుండా కొక్కెం వెనక్కి జరిపారు.

ఆ పట్టీ మీద కాలు పెట్టి తాను చూడని గల్లీ మెహిదీపట్నం దాకా లేదంది. తర్వాత, "గిదైతే మాది కాదు సారూ. మంచిగనే చేసిన్రు. కావాలంటే మీరే కొండవోర్రి" అంది.

నేను ఇంకా ఏదో వాదించాను. ఆ వాదన ఇక్కడ రాయను. ఆదివారం గేటు దాకా నడపడం ఎందుకని, ఇనుమాయన వస్తే ఇచ్చేద్దామని ఆవిడే తేల్చేసింది. పైకి వచ్చి తినిపొమ్మని పిలిచింది కూడా. వెళ్ళాను. ఆ రోజు పచ్చిపులుసు, పప్పు. అడక్కుండానే అన్నం వచ్చి పడుతూనే ఉంది.

బాలయ్య "మీ ఇష్టం" అన్నప్పుడల్లా దాన్ని ఆ ఇంటి ఒప్పుకోలుగా తీసుకున్నాను. ఆవిడ లిఫ్టు దగ్గర నిలబడి ఉంటే ఇంటావిడ కదా అనుకున్నాను. ముప్పై ఏళ్ళు ఆఫీసులోనూ నేను ఇలాగే పనిచేశాను. కాలవ గీసేటప్పుడు దాని గట్టు మీద నడిచేవాళ్ళెవరని ఎప్పుడూ అడగలేదు. చేయి కడుక్కుని, శనివారం ఒక్క రోజు నాకివ్వమని అడిగాను. ఏం చేయాలో నాకు తెలియదని, ఆవిడే వచ్చి చెప్పాలని అడిగాను. ఆవిడ బాలయ్య వైపు చూసింది. "నీ ఇష్టం" అన్నాడాయన.

సత్తెమ్మ షెడ్డుకి రావడం

శనివారం పొద్దున్నే దంపతులిద్దరూ ఆటోలో దిగారు. సత్తెమ్మ టిఫిన్ క్యారియరు కూడా తెచ్చింది. మహేందర్ ఆమెకి స్టూలు వేసి, నన్ను చూపించి, "నేను ఆనాడే చెప్పిన అమ్మా ఈ సారుకి" అన్నాడు. అనడం ఆ రోజంతా ఆపలేదు.

తూకానికి పోయిన పాత ముక్కలు వెతికినా దొరకలేదు. కొలతలు ఎవరికీ తెలియవు. క్యాన్లు కూడా లేవు. బండి స్టాండు వేసి, వెనక తాత్కాలికంగా ఒక చెక్క కట్టి, ఆవిడ్ని కూర్చోమన్నాం. ఎదురుగా హాస్టలు బాల్కనీల్లో పిల్లలు పళ్ళు తోముకుంటూ చూస్తున్నారు. ఆవిడ వాళ్ళను పట్టించుకోలేదు. ముందు బాలయ్య కూర్చున్నాడు, ఆయన నడుము పట్టుకుని ఈవిడ ఎక్కింది. కాళ్ళు గాల్లో అటూ ఇటూ వెతికాయి.

మహేందర్ కింద కూర్చుని ఇనుప పట్టీ ఆవిడ పాదాల కింద పెట్టి, పైకా కిందికా అని అడుగుతున్నాడు. కిందికి అంది, జర ముందుకు అంది. బాలయ్య మధ్యలో, అంత కిందికి లేకుండె, ఇంకా పైన ఉండె అన్నాడు.

"నీకేం ఎరుక? ఎన్నడన్న ఎనకకు మర్రి జూసినవా?"

మహేందర్ నవ్వాపుకోలేక పట్టీ జారవిడిచాడు. బాలయ్య కూడా నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూసింది అప్పుడే. పాలు పోసి ఆమె ఎక్కిందో లేదో చూడకుండా ఆయన ఒకసారి వీధి దాటి వెళ్ళిపోయాడట, ఆమె డబ్బా పట్టుకుని వెనక పరిగెత్తిందట. ఎందుకు చూడాలె, బండి బరువు చెప్పదా అని ఆయన. మరి ఆ దినం ఎందుకు చెప్పలేదని ఈవిడ. ఆ దినం పాలు నిండుగ ఉండె అని ఆయన. సత్తెమ్మ చెప్పులతో ఆయన మడమ మీద చిన్నగా తన్నింది.

సుద్దముక్కతో ఆవిడ పాదాల చుట్టూ గీసింది మాత్రం నేను. ఉద్యోగంలో ఎన్నో గీతలు గీశాను గానీ మనిషిని కూర్చోబెట్టి గీసింది అదే. పట్టీ, జాలీ, దాని వెనక కొక్కేలు వరసగా వెల్డయ్యాయి. కొక్కేలెందుకమ్మా, పాలు లేవు కదా అని మహేందర్ అడిగితే, కూరగాయల సంచి తగిలేసుకుంటా నీకెందుకు అంది. వెల్డింగు వేడికి నేను వేయించిన నల్ల రంగు బుడగలు కట్టి పెచ్చులుగా లేచింది. మహేందర్ బ్రష్షు తెచ్చాడు. ఆరేంత వ్యవధి లేదు. నూనె రాసి వదిలేశాం. నా స్పానర్లు ఆ పూట అతని చేతుల్లోనే తిరిగాయి. ఏదీ పోలేదు.

మధ్యాహ్నం క్యారియరు విప్పి అందరికీ సర్వపిండి పెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలూ నువ్వులూ కలిపి గిన్నెలో తట్టి కాలుస్తారు. మా తపేలా రొట్టెకి దూరపు చుట్టం, కాకపోతే దీనికి కారం జాస్తి. మహేందర్ మూడో ముక్క అడిగి తీసుకున్నాడు. నాకు అడక్కుండానే పడింది.

ఆదివారం

అసోసియేషన్ సెక్రటరీది భీమవరం. మంచి మనిషే, పద్ధతి మనిషి. చేతిలో స్టిక్కర్లు పట్టుకుని ర్యాంపు పైన నిలబడ్డాడు. మా ముందు ఒక పాత స్కూటరు ర్యాంపు సగంలో ఆగిపోయి, తోస్తే గానీ బయటికి పోలేదు. దానికి స్టిక్కరు రాలేదు. దాని యజమాని హెల్మెట్టు చంకలో పెట్టుకుని లిఫ్టు వైపు వెళ్ళిపోయాడు.

నడిపేది నేనే అవుతానని వారం క్రితం దాకా నాలో నేను అనుకుంటూ ఉండేవాణ్ణి. గేటు దాటుతున్న నన్ను నేను చూసుకున్నాను కూడా. ఆ ఉదయం ఎవరూ నన్ను అడగలేదు. బాలయ్య పంచె పైకి దోపుకుని ఎక్కాడు. ఆ బళ్ళకు గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఆయన మరిచిపోయి ఉంటాడని చెప్పబోయేలోపే ఆయన కాలు గేరు వేసేసింది.

సత్తెమ్మ వెనక ఎక్కుతుంటే సెక్రటరీ పైనుంచి పిలిచాడు. "ఒక్కళ్ళు నడిపితే చాలండీ. ర్యాంపు ఏటవాలు కదా, ఆగిపోతే మళ్ళీ ఛాన్సు లేదండీ."

ఆయన చెప్పింది నిజమే. ఇద్దరి బరువుతో ఆ ర్యాంపు నాకూ భయంగానే ఉంది. క్లచ్చు ప్లేట్లు పాతవి, అతుక్కుపోతే విడదీసి మళ్ళీ వాడాను. ఆవిడ్ని దిగమని చెప్పే అవకాశం నాకు ఉంది. చెప్పలేదు. ఆవిడ కాళ్ళు పట్టీ మీద పెట్టి సర్దుకుని, "పోనీయ్" అంది.

సెల్లారంతా ఆ శబ్దంతో నిండిపోయింది. ర్యాంపు మొదట్లో బాగానే లాగింది. మలుపు దగ్గర ఇంజను గొంతు పడిపోయింది, ఒక్కో దెబ్బా విడివిడిగా వినబడింది. నేను కింద నిలబడి చేతులు ముందుకు చాపాను, అక్కడి నుంచి తోయగలిగినట్టు. బాలయ్య కాలు ఇంకోసారి కదిలింది. బండి కాస్త వెనక్కి జారిందనిపించింది, మళ్ళీ అందుకుంది. పైకి వెళ్ళి చూసేసరికి గేటు దాటుతున్నారు. ఆయన వెనక్కి చూడలేదు. ఆవిడా చూడలేదు.

అసోసియేషన్ నిబంధన ప్రకారం గేటు దాటి వెంటనే తిరిగి రావాలి. స్టిక్కరు హెడ్‌లైటు మీద అతికించాలి. సెక్రటరీ కాసేపు చూశాడు. ఎటు వెళ్ళారండీ అని నన్నడిగాడు. నాకు తెలియదన్నాను. గార్డుని అడిగితే మెయిన్ రోడ్డు దిక్కు పోయిన్రు సార్ అన్నాడు. ఆయన వాచీ చూసుకున్నాడు, ఇంకొన్ని బళ్ళు చూశాడు, మళ్ళీ నా దగ్గరికి వచ్చాడు.

"ఎంతసేపండీ? వచ్చాకే కదా స్టిక్కరు."

"నడుస్తుందా లేదా అనే కదండీ చూడమన్నారు" అన్నాను. "నడుస్తోంది."

ఆయన స్టిక్కరు నా చేతిలో పెట్టి, వస్తే అతికించమని చెప్పి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం దాకా రాలేదు. సాయంత్రం నా రైలు. స్టిక్కరు గార్డుకి అప్పగించి, నా స్పానర్ల తువ్వాలు మూట తెచ్చుకోవడానికి సెల్లారులోకి దిగాను. బండి నిలబడ్డ చోట ఇంజనాయిలు మడుగు ఒకటి ఉంది. ఆ మడుగులో సత్తెమ్మ చెప్పులున్నాయి, ఎక్కేముందు విడిచినట్టున్నాయి. వాటిని తీసి, నా జేబురుమాలుతో అడుగులు తుడిచి, లిఫ్టు పక్కన పొడిగా ఉన్నచోట పెట్టి వచ్చాను.